ప్రజారోగ్య శాఖ ఉద్యోగుల్లో నాయకత్వం పెంచడం ఎలా? హైదరాబాద్ సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

పట్టణ ఆరోగ్య కేంద్రాలు, బస్తీ దవాఖానలు, ప్రోగ్రామ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు శిక్షణ తరగతుల్లో అడిగే ప్రశ్నలివి. కొన్ని అందరి ముందూ అడిగినవి. చాలావరకు టీ టైంలో పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగినవి.

నాయకత్వం అంటే డీఎంహెచ్‌ఓలు (జిల్లా వైద్య ఆరోగ్య అధికారులు), డైరెక్టర్ల సంగతి కదా? ఏఎన్ఎంకి (ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకి), ల్యాబ్ టెక్నీషియన్‌కి దాంతో ఏం పని?

మన శాఖలో ఏ విషయమైనా ముందు కంటపడేది కింది ఉద్యోగికే. ఒక గల్లీలో నాలుగిళ్లలో జ్వరాలున్నాయన్న సంగతి కోఠీలోని శాఖ ప్రధాన కార్యాలయం దాకా చేరేలోపు ఆ ఏరియా ఏఎన్ఎంకి తెలిసి చాలా రోజులై ఉంటుంది. ఆ రోజుల్లో ఆమె రిజిస్టర్‌లో రాసి ఊరుకుందా, డాక్టర్‌కి ఫోన్ చేసిందా, బస్తీ ఆడవాళ్లను కూడగట్టి డ్రమ్ముల్లో నీళ్లు పారబోయించిందా అన్నదాన్ని బట్టే మిగతా కథంతా నడుస్తుంది.

రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది మన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి పెట్టుకున్నదీ ఆయన పేరే. అంత చరిత్ర ఉన్న ఊళ్లో ఇప్పటికీ వానలు మొదలవగానే ఆ ఆసుపత్రి ఓపీ దగ్గర క్యూలు పెరుగుతాయి. డెంగీ దోమ ఎక్కడ పెరుగుతుందో మనలో ఎవరికి తెలియదు? గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి, వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, తోమి, ఆరబెడితే చాలని స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆ తెలిసిన సంగతి మీ ఏరియాలో వెయ్యి ఇళ్లలో, ప్రతి వారం, ఎవరూ వెంటపడకుండా జరగాలి. అలా జరిపించగలిగిన మనిషిని నేను నాయకుడంటాను, నాయకురాలంటాను. ఆమె హోదా ఏమిటన్నది తర్వాతి మాట.

హైదరాబాద్‌లో ఈ పని ప్రత్యేకంగా కష్టమా?

ఒక రకంగా అవును. పల్లెలో పీహెచ్‌సీ డాక్టర్‌కి ఊరు తెలుసు, సర్పంచ్ తెలుసు. ఇక్కడ జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం ఒక యూపీహెచ్‌సీ (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కిందికి 50,000 జనాభా, ఒక ఏఎన్ఎం కిందికి 10,000 మంది వస్తారు. వాళ్లలో చాలామంది అద్దె ఇళ్లవాళ్లు. ఈ నెల ఉన్నవాళ్లు వచ్చే నెల ఉంటారో లేదో.

పైగా నగరం ఒక్క జిల్లాలో లేదు. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి నాలుగింటిలోనూ పరుచుకుని ఉంది. 2016లో జిల్లాలు విడదీశాక రోడ్డుకి ఇటు పక్క ఒక డీఎంహెచ్‌ఓ, అటు పక్క మరో డీఎంహెచ్‌ఓ అయ్యారు. నీళ్లు జలమండలివి. దోమల మందు, చెత్త మున్సిపల్ కార్పొరేషన్‌వి. పసిపిల్లల బరువులు అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఉంటాయి. జబ్బుకు మాత్రం ఈ హద్దులేవీ పట్టవు. "అది మా ఏరియా కాదండీ" అన్న మాట మీ కేంద్రంలో వారానికి ఎన్నిసార్లు వినిపిస్తుందో గమనించండి. అది తగ్గిందంటే ఎక్కడో ఎవరో బాధ్యత నెత్తిన వేసుకున్నట్టే.

కొత్తగా మెడికల్ ఆఫీసర్‌గా చేరాను. స్టాఫ్ నర్సు, సూపర్‌వైజర్, ఫార్మసిస్ట్ అందరూ నాకంటే పదిహేను, ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు. నా మాట ఎందుకు వింటారు?

కుర్చీ చూసి కొన్నాళ్లు వింటారు. తర్వాత కూడా వినాలంటే ముందు మీరు వాళ్ల మాట వినాలి.

చేరిన మొదటి వారంలోనే కొత్త రూల్స్ పెట్టకండి. ఒక్కో ఏఎన్ఎంతో ఒక్కో రోజు ఫీల్డ్‌కి నడవండి. జీపులో వద్దు. ఆమె ఏ ఇంటి ముందు ఆగుతుందో, ఏ ఇంటిని దాటేసి పోతుందో చూడండి. దాటేసిన ఇంటి గురించి తిరుగు దారిలో నిదానంగా అడగండి. "ఆ ఇంటాయన పోయినసారి కుక్కను వదిలిండు సార్" అంటుంది. లేదా "వాళ్లు ప్రైవేటుకే పోతరు, మనల్ని రానీయరు" అంటుంది. ఇలాంటివి ఏ రిపోర్టులోనూ ఉండవు. వాటిలో ఒక్కదాన్ని మీరు పరిష్కరించి చూపిస్తే చాలు, ఆ ఇంటికి రెండోసారి మీరే ఆమెతో వెళ్లి తలుపు తట్టినా చాలు, ఆ కబురు మధ్యాహ్నానికల్లా కేంద్రమంతా తెలిసిపోతుంది.

వయసులో పెద్దవాళ్లను పదిమందిలో తప్పు పట్టకండి. చెప్పాల్సింది ఉంటే లోపలికి పిలిచి, కూర్చోమని, "అమ్మా, ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఇది ఇలా ఎందుకైంది?" అని అడగండి. మీకు నిజంగా తెలియని చోట తెలియదని చెప్పండి. ఇరవై ఏళ్లు కోల్డ్ చైన్ (టీకాలను చల్లగా ఉంచే ఏర్పాటు) చూసిన మనిషి ముందు ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ గురించి అన్నీ తెలిసినట్టు మాట్లాడితే ఆమె నవ్వదు గానీ, మళ్లీ మీకు ఏదీ చెప్పదు.

రివ్యూ మీటింగ్ అంటేనే అందరికీ భయం. అది నాయకత్వం నేర్చుకునే చోటు ఎలా అవుతుంది?

నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మన దగ్గర రివ్యూ ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. స్క్రీన్ మీద పట్టిక. కింద ఉన్న కేంద్రాలు ఎర్ర రంగులో. "ఎందుకు తగ్గింది?" అని ఒక ప్రశ్న. నిలబడ్డ మనిషి నోట "ఇంప్రూవ్ చేస్తాం సార్" అని ఒక జవాబు. తర్వాతి పేరు. గంటన్నర అయ్యాక అందరూ లేచి వెళ్తారు. ఎందుకు తగ్గిందో మాత్రం ఎవరికీ తెలియదు. అక్కడ కూర్చున్న ఏఎన్ఎం నేర్చుకునేది ఒక్కటే: ఎర్ర రంగులో పడకూడదు. ఆ పాఠమే ఆమెను మెల్లగా లెక్కలు దిద్దే వైపు నెడుతుంది. అలా నెట్టింది మన మీటింగే.

ప్రజారోగ్యంలో చెడు వార్త ఎంత త్వరగా పైకి వస్తే అంత మంది బతుకుతారు. 2016 జూన్‌ను గుర్తు చేసుకోండి. అంబర్‌పేట దగ్గర మురుగునీటి నమూనాలో టీకా వైరస్ నుంచి రూపాంతరం చెందిన టైప్-2 పోలియో వైరస్ కనిపించింది. భారతదేశం పోలియో రహితమని 2014లో సర్టిఫికెట్ వచ్చిన రెండేళ్లకే ఈ కబురు. ఏ బిడ్డకూ పోలియో రాలేదు. అయినా ఎవరూ దాచలేదు, తర్వాత చూద్దాంలే అనుకోలేదు. ఆ నెలలోనే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ప్రత్యేక కార్యక్రమం పెట్టి లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ రూపంలో పోలియో టీకా వేశారు. ఎండల్లో ఆ గల్లీలన్నీ తిరిగింది మన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలే. ఒక మురుగునీటి సీసాలో దొరికిన చెడు వార్తను ఇలా గౌరవించిన శాఖ, తన సొంత ఉద్యోగి "మేడం, మా ఏరియాలో పిల్లలు మిగిలిపోయారు" అంటే ఎందుకు విరుచుకుపడాలి?

అందుకే మీ స్థాయిలో, మీ కేంద్రంలో జరిగే వారం మీటింగ్ వరకైనా ఇలా మార్చి చూడండి. మొదటి ప్రశ్నగా "ఈ వారం మీ ఏరియాలో మిమ్మల్ని కలవరపెట్టిన విషయం ఏమిటి?" అని అడగండి. పట్టిక దాని తర్వాత. మొదటి రెండు మూడు వారాలు ఎవరూ నోరు విప్పరు. విప్పిన మొదటి మనిషికి ఏం జరుగుతుందో మిగతావాళ్లంతా కళ్లార్పకుండా చూస్తారు. ఆ మొదటి మనిషి "సార్, ఎనిమిది మంది పిల్లల అడ్రసు దొరకట్లేదు, రిజిస్టర్‌లో ఉన్నారు గానీ ఇంటికి తాళం" అన్నప్పుడు మీరు అనాల్సిన మాట: "చెప్పినందుకు సంతోషం. ఎక్కడెక్కడ వెతికారు? ఎవరి సాయం కావాలి?" అంతే. నెల తిరిగేసరికి ఆ గదిలో వినిపించే మాటలు మారతాయి.

రెండో మార్పు: ప్రతిసారీ మీరే మీటింగ్ నడపకండి. ఒక వారం సూపర్‌వైజర్, ఒక వారం ల్యాబ్ టెక్నీషియన్, ఒక వారం అందరికంటే చిన్న ఏఎన్ఎం నడపాలి. మీరు పక్కన కూర్చుని రాసుకోండి. పదిమందిలో మాట్లాడటం, సమయం చూసుకోవడం, గట్టిగా మాట్లాడేవాళ్లను ఆపడం, మాట్లాడని వాళ్లతో మాట్లాడించడం అక్కడే వస్తాయి.

మూడోది చిన్నది. మీటింగ్ పన్నెండున్నరకు అయిపోతుందంటే పన్నెండున్నరకే ముగించండి. స్కూటీ మీద, బస్సులో అంత దూరం వచ్చిన ఆడవాళ్ల సమయానికి విలువ ఇస్తే, మీటింగ్‌కు మీరిచ్చే విలువ కూడా వాళ్లకు అర్థమవుతుంది.

టార్గెట్ ఒత్తిడికి లెక్కలు పెంచి రాస్తున్నారు. పట్టుకుని మెమో ఇవ్వాలా?

బుద్ధిపూర్వకంగా, పదేపదే, లాభం కోసం చేసేవాళ్ల సంగతి వేరు. దానికి శాఖాపరమైన నిబంధనలున్నాయి, వాడండి. మిగతావాళ్ల విషయంలో, ముందు మీరు ఇచ్చిన టార్గెట్ సాధ్యమేనా అని చూడండి. చాలాచోట్ల పాత జనాభా లెక్క మీద శాతం వేసి ఇస్తారు. బస్తీ ఖాళీ అయి అపార్ట్‌మెంట్ లేచినచోట అంతమంది గర్భిణులు ఎక్కణ్నుంచి వస్తారు? టార్గెట్ తప్పని ఏఎన్ఎం ఆధారాలతో చూపిస్తే, ఆ కాగితం పట్టుకుని పై అధికారి దగ్గరికి వెళ్లాల్సింది మీరు. మీరు వెళ్లకపోతే ఆమె దిద్దుతుంది.

కిందివాళ్లకు నిర్ణయాలు వదిలేస్తే తప్పులు జరగవా?

జరుగుతాయి. చిన్న తప్పులకు వీలివ్వకపోతే పెద్ద నిర్ణయం తీసుకోగల మనిషి తయారవడు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. బుధవారం టీకా రోజు. అంగన్‌వాడీ సెంటర్లో ఏఎన్ఎం కూర్చుంది. ముందు వ్యాక్సిన్ క్యారియర్, కండిషన్ చేసిన (కాస్త కరగనిచ్చిన) ఐస్ ప్యాకులు. పదకొండు దాటింది. ఒక తల్లి తొమ్మిది నెలలు నిండిన పాపను తెచ్చింది, తట్టు-రుబెల్లా టీకా వేయాలి. ఒక వయల్‌లో (టీకా సీసాలో) ఐదు డోసులుంటాయి. డైల్యూయెంట్ (టీకా పొడిలో కలిపే ద్రవం) కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. ఆ రోజుకి ఇంకో పిల్ల వచ్చేలా లేదు. నాలుగు డోసులు వృథా అయితే రివ్యూలో "వేస్టేజ్ ఎందుకు ఎక్కువైంది?" అంటారు. అందుకే కొందరు "శనివారం రామ్మా" అని పంపేస్తారు. ఆ తల్లి ఇళ్లలో పనిచేసుకునే మనిషి, సగం రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. శనివారం రాదు. ఆ పాప మన డ్రాపౌట్ లిస్టులో చేరుతుంది, లేదా ఏ లిస్టులోనూ చేరదు.

నియమం స్పష్టంగానే ఉంది: ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాలి. పెంటావాలెంట్, ఐపీవీ (ఇంజెక్షన్ పోలియో టీకా) లాంటి వాటికైతే తెరిచిన వయల్‌ను షరతులకు లోబడి 28 రోజుల దాకా వాడుకోవచ్చు. తట్టు-రుబెల్లా, బీసీజీలకు ఆ వీలు లేదు. ఇదంతా ఆమెకు తెలుసు. ఆమెకు తెలియనిది ఒక్కటే: తెరిస్తే మీరు వెనక నిలబడతారా లేదా? "ఏ బిడ్డనూ వెనక్కి పంపొద్దు, వేస్టేజ్ గురించి నేను సమాధానం చెప్తాను" అని ముందే, అందరి ముందూ, మాట ఇచ్చి ఉంటే ఆ వయల్ మూత ఆ నిమిషంలోనే తెరుచుకుంటుంది. నిర్ణయం ఆమెకు వదలడమంటే ఇదే. ఏ పరిధిలో సొంతంగా నిర్ణయించవచ్చో, ఎక్కడ ఫోన్ చేసి అడగాలో ముందే తేల్చి చెప్పాలి. పని అప్పగించి, భయం కూడా ఆమెకే వదిలేస్తే ఆమె ఎన్నటికీ నిర్ణయం తీసుకోదు.

ఆశాలు ఉద్యోగులు కారు కదా. వాళ్లలో నాయకత్వం పెంచడం మా పనేనా?

మీ పనే. పట్టణాల్లో ఒక్కో ఆశా చేతిలో 200 నుంచి 500 ఇళ్లుంటాయి. గర్భిణి భర్త తాగి వస్తాడా, ఇంట్లో ముసలామె టీబీ మందు మధ్యలో ఆపేసిందా, అన్నీ ఆశాకే తెలుసు. అలాంటి మనిషిని మనం చాలాసార్లు ఫైళ్లు మోయడానికి, జనాన్ని మీటింగులకు పోగేయడానికి వాడుకుంటున్నాం. చూస్తుంటే మనసు కలుక్కుమంటుంది.

బస్తీ ఆడవాళ్ల బృందాలైన మహిళా ఆరోగ్య సమితులు 50 నుంచి 100 ఇళ్లకొకటి ఉండాలి. ఏడాదికి రూ.5,000 నిధి కూడా ఉంటుంది. చాలాచోట్ల అవి కాగితం మీద మిగిలాయి. ఒక చురుకైన ఆశాకు ఒక్క సమితిని నిజంగా నడిపించే బాధ్యత ఇచ్చి చూడండి. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో బస్తీ ఆడవాళ్లే తేల్చుకోనివ్వండి. ప్రోత్సాహకం బిల్లు నెలల తరబడి ఆగిపోయిన ఆశాకు నాయకత్వం గురించి క్లాసు తీసుకోవడం మాత్రం అన్యాయం. ముందు ఆ బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కోండి.

నీళ్లు, మురుగు మా చేతిలో లేవు. వేరే శాఖల వాళ్లు మా మాట వినరు. ఏం చేయగలం?

ఆర్డర్ వేసే అధికారం లేనిచోట పని జరిపించడమే ఈ ఉద్యోగంలో పెద్ద విద్య.

ఇలా అనుకుందాం. సోమవారం ఒకే గల్లీ నుంచి ముగ్గురికి వాంతులు, విరేచనాలు. ఏఎన్ఎం ఓఆర్ఎస్, జింక్ ఇచ్చి, జబ్బుల సమాచారం నమోదు చేసే ఐహెచ్ఐపీ పోర్టల్లో అనుమానిత కేసుల ఎస్ ఫారం నింపింది. పని అయిపోయిందా? అక్కడే ఆగకుండా, చిట్టచివరి ఇంటి నల్లా దగ్గర నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోప్‌తో పరీక్ష చేస్తుంది. ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం వేస్తే నీళ్లు పసుపు రంగులోకి రావాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగు రాలేదు. ఫోన్లో ఫొటో తీసుకుంది. గల్లీ బొమ్మ చేత్తో గీసి, జబ్బుపడ్డ ఇళ్ల మీద చుక్కలు పెట్టింది. చుక్కలన్నీ మ్యాన్‌హోల్ పొంగుతున్న వైపే ఉన్నాయి.

ఇప్పుడు జలమండలి మేనేజర్‌కి ఫోన్ చేసి "మీ నీళ్ల వల్ల మా జనం జబ్బుపడుతున్నారు" అంటే ఆయన వెంటనే "మా సప్లై బాగానే ఉంది" అంటాడు. అలా కాక, "సార్, ఈ గల్లీ చివర క్లోరిన్ రావట్లేదు, మూడు కేసులున్నాయి, ఫొటో, బొమ్మ పంపుతున్నాను, పొద్దున్నే మీ లైన్‌మ్యాన్‌తో కలిసి చూద్దామా?" అంటే వస్తాడు. 155313లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు కూడా దగ్గర పెట్టుకోవాలి. పైపు సరిచేసిన తర్వాత అతనికీ, అతని పై అధికారికీ థాంక్స్ మెసేజ్ పెట్టాలి. ఈ చివరి పని మనవాళ్లు అసలు చేయరు. వచ్చే వానాకాలంలో మొదటి ఫోన్‌కే ఆయన ఎత్తేది ఆ మెసేజ్ వల్లే.

అన్నిటికంటే మంచిది, అవసరం రాకముందే పరిచయాలు పెట్టుకోవడం. మే నెలలో, వానలకు ముందే, దోమల నివారణ చూసే ఎంటమాలజీ సూపర్‌వైజర్, శానిటేషన్ జవాన్, లైన్‌మ్యాన్, అంగన్‌వాడీ టీచర్, బస్తీ పెద్దలు కలిసి మీ కేంద్రంలో ఒక గంట కూర్చుంటే, ఫోన్ నంబర్లు మార్చుకుంటే, జూలైలో సగం కొట్లాటలు ఉండవు.

పాతబస్తీలో ఉర్దూ, గచ్చిబౌలి, కోకాపేట లేబర్ క్యాంపుల్లో హిందీ, ఒడియా. మా సిబ్బందికి తెలుగే సరిగా వచ్చు. ఎలా?

నాలుగు వాక్యాలు వాళ్ల భాషలో నేర్చుకోండి, ఐదో వాక్యానికి వాళ్లే సాయం చేస్తారు. ఆ తర్వాత ఆ బస్తీలోనే పలుకుబడి ఉన్న మనిషిని వెతకండి: మసీదు ఇమాం, స్కూలు టీచరమ్మ, క్యాంపులో మేస్త్రీ భార్య, కిరాణా కొట్టాయన. లేబర్ క్యాంపుల్లో పగలు వెళ్తే తాళాలే కనిపిస్తాయి. సాయంత్రం లేదా ఆదివారం వెళ్లాలి. సిబ్బంది అలా వెళ్తే వారంలో ఇంకో రోజు వాళ్లకు సెలవు సర్దుబాటు చేయాలి. చేయకుండా "సేవాభావం" అని ఉపన్యాసం ఇస్తే రెండోసారి ఎవరూ వెళ్లరు.

కరోనా సమయంలో అందరం బాగానే పనిచేశాం. ఆ ఊపు తర్వాత ఏమైంది?

2022 జనవరిలో చేసిన ఇంటింటి జ్వర సర్వే తలుచుకోండి. ఏఎన్ఎం, ఆశా, మున్సిపల్ సిబ్బంది కలిసి గడప గడపకూ వెళ్లి, లక్షణాలున్నవాళ్లకు టెస్ట్ రిజల్ట్ కోసం ఆగకుండా అక్కడికక్కడే మందుల కిట్ ఇచ్చారు. ఆ గడప దగ్గర నిర్ణయం తీసుకున్నది వాళ్లే. వాళ్లకు చేతనవుతుందని అప్పుడే రుజువైంది. తర్వాత మనం ఆ నిర్ణయాధికారాన్ని వెనక్కి తీసుకున్నాం, అదే ఊపు పోవడానికి కారణం.

ప్రతి పెద్ద పని అయ్యాక, అది పల్స్ పోలియో అయినా, కంటి వెలుగు లాంటి క్యాంపులైనా, వరద తర్వాత హెల్త్ క్యాంపులైనా, వారంలోపు అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, వచ్చేసారి ఏం మారుస్తాం? డ్రైవరూ, డేటా ఎంట్రీ ఆపరేటరూ ఆ గదిలో ఉండాలి. పేర్లు పెట్టి తప్పులు ఎంచొద్దు. ఒప్పుకున్న మార్పులు ఒక కాగితం మీద రాసి, వచ్చే క్యాంపు మైక్రోప్లాన్‌కు (ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరమైన ప్రణాళికకు) పిన్ చేసి పెట్టండి.

శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

ఈ విషయంలో హైదరాబాద్ అదృష్టం చేసుకున్న ఊరు. వెంగళరావునగర్‌లో భారతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ మన సిబ్బంది శిక్షణ కోసమే ఉంది. జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ, 1956 నుంచి నడుస్తున్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పాలనా నైపుణ్యాలు నేర్పుతాయి. ప్రజారోగ్యంలో పీజీ చేయాలనుకునే వాళ్లకు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగుల కోసం ఉన్న ఐగాట్ కర్మయోగి పోర్టల్లో కోర్సులు ఫోన్లోనే, ఖర్చు లేకుండా చేసుకోవచ్చు.

కానీ ఒక మాట. శిక్షణకు ఎవరిని పంపుతున్నారు? చాలా కేంద్రాల్లో "ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు" వెళ్తారు, లేదా ఎప్పుడూ అదే మనిషి వెళ్తాడు. పంపేముందు "తిరిగొచ్చాక ఏ పని మీ చేతిలో పెట్టమంటారు?" అని అడగండి. వచ్చాక ఆ పని నిజంగా అప్పగించండి. సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషిని మళ్లీ అదే మూల కూర్చోబెడితే, ఉన్న ఉత్సాహం కూడా పోతుంది.

నేను కాంట్రాక్టు ఉద్యోగిని. రేపు ఉంటానో లేదో. నాకెందుకు ఇదంతా?

మీ ప్రశ్నలో న్యాయం ఉంది. జీతం ఆలస్యం, రెన్యువల్ భయం మీద నుంచి దాటేసి ఎవరూ స్ఫూర్తి గురించి మాట్లాడకూడదు. రెగ్యులర్ అధికారులు చేయగలిగిందేమిటంటే, రెన్యువల్ ఫైలు గడువుకు ముందే కదిలించడం, మీటింగుల్లో కాంట్రాక్టు వాళ్లకు వెనక వరస అనే అలవాటు మానడం, చేసిన పనికి వాళ్ల పేరే రాయడం. మీ వైపు నుంచి, నేర్చుకున్న పని మీతోనే వస్తుంది. అవుట్‌బ్రేక్ (జబ్బు ఒక్కసారిగా ప్రబలడం) దర్యాప్తు చేసి, లైన్ లిస్ట్ (ఒక్కో రోగి వివరాల జాబితా), రిపోర్టు సొంతంగా రాయగలిగిన మనిషికి ఈ రంగంలో వేరే తలుపులూ తెరుచుకుంటాయి.

సిబ్బందిలో ఎక్కువ మంది ఆడవాళ్లే. పై కుర్చీల్లో మాత్రం తక్కువ. దీనికి కేంద్రం స్థాయిలో ఏమైనా చేయగలమా?

చేయగలం. సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెట్టకండి. ట్రైనింగ్ వేరే ఊళ్లో అయితే చిన్నపిల్లలున్న తల్లిని అడక్కుండానే లిస్టులోంచి కొట్టేయకండి, ఆమెనే అడగండి. పనిచోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి ఉన్న ప్రతి పని చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువ మంది ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. బస్తీ దవాఖానలు చిన్నవి కాబట్టి ఈ రెండో దారి గురించి సిబ్బందికి తప్పక చెప్పి ఉంచండి, గోడ మీద వివరాలు రాయించండి.

ఫీల్డ్‌లో ఎవరైనా తిట్టినా, చెయ్యి చేసుకున్నా?

ఆ రోజే మెడికల్ ఆఫీసర్ స్వయంగా స్టేషన్‌కు వెళ్లాలి. సిబ్బందిని ఒంటరిగా పంపకూడదు. వైద్య సిబ్బందిపై దాడుల నివారణకు 2008 నాటి రాష్ట్ర చట్టం ఉంది. అంటువ్యాధుల చట్టానికి 2020లో చేసిన సవరణ అంటువ్యాధి సమయంలో దాడులకు ఇంకా గట్టి శిక్షలు పెట్టింది. "సర్దుకుపోమ్మా" అన్న అధికారిని ఆ కేంద్రం చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది.

నేను కింద అంతా మార్చాను. కానీ మా పై అధికారి అరుస్తూనే ఉన్నారు. చెడు వార్త ఆయనకు ఎలా చెప్పాలి?

ముందుగా, విడిగా, రెండు నిమిషాల్లో. పదిమంది ఉన్న వీడియో కాన్ఫరెన్స్‌లో మొదటిసారి వినిపిస్తే ఏ అధికారికైనా కోపం వస్తుంది. విషయం, మీరు ఇప్పటికే చేసింది, ఆయన చేయాల్సిన ఒక్క పని, ఈ మూడే చెప్పండి. "సార్, ఫలానా క్యాంపులో పిల్లలు టీకా లేకుండా దొరికారు. ఆదివారం సెషన్ పెట్టాం. పక్క జిల్లా హద్దులో ఇంకో క్యాంపు ఉంది, అక్కడి డీఎంహెచ్‌ఓ గారితో మీరు ఒక మాట మాట్లాడితే చాలు." ఇలా చెబితే అరిచే మనిషి కూడా చాలాసార్లు ఫోన్ అందుకుంటాడు. ఆయన అరిచినా, ఆ అరుపును మీ దగ్గరే ఆపండి, మీ ఏఎన్ఎంల దాకా రానివ్వకండి. అదే తేదీన వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో ఒక వాక్యం రాసి పెట్టుకోండి.

నాయకత్వం పెరిగిందని దేన్ని బట్టి తెలుస్తుంది?

మార్కుల షీట్ ఏదీ లేదు గానీ గుర్తులున్నాయి. మీరు వారం సెలవు పెడితే టీకా సెషన్లు ఆగకుండా జరిగాయా? మీరు అడగకముందే మీ దాకా వచ్చిన సమస్యలెన్ని? వాటితోపాటు "ఇలా చేద్దామా" అన్న సూచన కూడా వచ్చిందా? సూపర్‌వైజర్ ట్రాన్స్‌ఫర్ అయితే ఆ పని అందుకోవడానికి ఎవరైనా ఇప్పటికే సిద్ధంగా ఉన్నారా?

ఇంకొకటి కూడా గమనించండి. నాయకత్వం మీద పని మొదలుపెట్టిన మొదటి ఆరు నెలల్లో మీ కేంద్రం అంకెలు తగ్గొచ్చు. జ్వరం కేసులు పెరిగినట్టు, టీకా శాతం పడిపోయినట్టు కనిపించొచ్చు. ఇన్నాళ్లూ రాయనివి ఇప్పుడు రాస్తున్నారు. ఆ సంగతి మొదలుపెట్టే ముందే మీ పై అధికారికి చెప్పి, వీలైతే రాతపూర్వకంగా ఇచ్చి ఉంచండి, ఎర్ర రంగు కనబడిన రోజున మీ సిబ్బంది బలికాకుండా.

మొత్తం ఒకేసారి చేయలేను. రేపు పొద్దున ఒక్కటి మొదలుపెట్టాలంటే?

రేపు ఏఎన్ఎంలలో ఒకరిని ఎంచుకోండి, అందరికంటే తక్కువ మాట్లాడే మనిషినే. ఆమెతో ఫీల్డ్‌కి నడవండి. వచ్చే వారం మీటింగ్ ఆమెను నడపమనండి. ఆమె తడబడుతుంది. అప్పుడు మీరు మైకు లాక్కోకండి.